ఈ ఏటి మేటి కార్డు

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే వనితకు ఒళ్లు మండిపోతోంది. అబిడ్స్‌లో కొన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు, వీడియో తలంబ్రాల దాకా వచ్చేసరికి వేడెక్కి కంప్యూటర్‌ను ఆపేస్తోంది. సీపీయూ పక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితేగానీ పని సాగడం లేదు.

ఫోన్లో గట్టిగా అడిగితే, షాపు యజమాని శ్యామ్‌సుందర్ బంగారు రంగు స్టిక్కర్ పట్టుకుని వచ్చాడు. దాని మీద ‘ఈ ఏటి మేటి కార్డు’ అని ఉంది.

“అవార్డొచ్చిన కార్డమ్మా. పెద్ద పెద్దోళ్లు ఇచ్చిన్రు. గట్లెట్ల ఖరాబైతది?”

“కార్డు బజార్లకు ఎప్పుడొచ్చింది సేటూ?”

“పోయిన నెల.”

“మరి అవార్డు?”

“అది... అంతకుముందే.”

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈ ఎండలల్ల ఒక్క పెండ్లి వీడియో అన్న చేసి చూసిన్రా వాళ్లు?”

శ్యామ్‌సుందర్ స్టిక్కర్‌ను ఆమె ముందుకు చాపాడు. “జర కంప్యూటర్ మీద అతికించుకో అమ్మా. గిరాకీలు చూస్తే నీకే ఇజ్జత్.”

వనిత స్టిక్కర్ లాక్కుంది. వెనక కాగితం ఒలిచి, గిర్రున తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్ స్టాండుకు గట్టిగా అతికించింది.

“పని జేస్తున్నది ఇది. అవార్డు దీనికే. నీ కార్డు నువ్వు తీస్కపో.”