నకరికల్లు దాటాక

ప్లగ్గు మొన మీది మసిని ఉప్పుకాగితంతో గీకుతూ బుడాన్ మళ్లీ రోడ్డు వైపు చూశాడు. పొద్దున సున్నం లారీ డ్రైవరు చెప్పిపోయిన మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసే అన్న మాబుకు ఊపిరి అందడం లేదట. వెంటనే రమ్మన్నారట.

నరసరావుపేటలో అతనిదో మోటారుసైకిళ్లు బాగుచేసే రేకుల షెడ్డు. తండ్రి నేర్పిన పని అన్నదమ్ములిద్దరికీ వచ్చు. షెడ్డు ఇద్దరికీ కూడు పెట్టదని మాబే బట్టీలకు వెళ్లిపోయాడు. చూసి రావాలని ప్రతి పండక్కీ అనుకునేవాడు బుడాన్. తీరా బయలుదేరే వేళకు ఎవరిదో ఒక బండి మొండికేసేది.

"ఏంది బుడానూ, అయిందా? బస్సు కోసం చూస్తే పొద్దుగూకుద్ది. నేను దింపుతా, ఎక్కు," అన్నాడు గురునాథం. బండి అతనిదే. కల్లం నుంచి నేరుగా వచ్చిన ఆ మిరప రైతు చొక్కా నిండా, బండి నిండా ఎర్రటి దుమ్ము.

ఒక్క కిక్కుకే స్టార్టయింది.

నకరికల్లు దాటాక, ఎండిన పత్తిచేల మధ్య బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బుడాన్ ప్లగ్గు ఊడదీసి, ఇంజనుకు ఆనించి, కిక్కు కొట్టమన్నాడు. నిప్పు నీలంగా, బాగానే పడుతోంది. ట్యాంకు మూత తీసి చూశాడు. పెట్రోలు సగానికి పైనే ఉంది. అన్నీ బిగించి కొడితే స్టార్టయింది. కొంతదూరం పోయి మళ్లీ ఆగింది.

"పోనీ, ఏదన్నా లారీ ఎక్కుతావా?"

"ఉండండి గురునాథం గారూ."

పెట్రోలు పైపు లాగాడు. నాలుగు చుక్కలు కారి నిలిచిపోయింది. మూత తిప్పాడు. ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది. పైపులోంచి పెట్రోలు ధారకట్టింది.

"మూతకున్న బెజ్జం పూడిపోయిందండీ. లోపలికి గాలి పోక పెట్రోలు దిగట్లా. పొద్దున్నే చూసుకోవాల్సింది. బుర్ర నా దగ్గర లేదు."

తుమ్మముల్లు విరిచి, బెజ్జంలో గడ్డకట్టిన మిరపదుమ్మును పొడిచి తీశాడు. ఆ తర్వాత బండి ఆగలేదు.

మాబు గుడిసె ముందు నులకమంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. అతని భార్య జైతున్‌బీ విసనకర్రతో విసురుతోంది.

"వదినా, గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం. కారు మాట్లాడతా."

"పోయొచ్చాం అబ్బాయా. ఇంటికి తీసకపొమ్మన్నారు."

మాబు కళ్లు తెరిచాడు. "బండి శబ్దం విన్నా... బాగా తిరుగుతోందిరా."

"దార్లో ఆగిందన్నా. ట్యాంకు మూత."

"బెజ్జమా?" మాబు నవ్వబోయాడు. దగ్గు తెర అడ్డుపడింది.

బుడాన్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. విప్పడానికీ బిగించడానికీ అక్కడ ఏమీ లేదు. చివరికి అన్న వెనక చేరి వీపు రాస్తూ ఉండిపోయాడు. పొద్దు వాలుతుండగా అతని అరచేతి కింద ఆ వీపు కదలడం మానేసింది. జైతున్‌బీ ఇంకా విసురుతూనే ఉంది. బుడాన్ ఆమె చేతిలోంచి విసనకర్ర మెల్లగా తీసుకున్నాడు.

దండెం మీద, బట్టీలో మాబు ముక్కుకు కట్టుకునే తువాలు ఆరేసి ఉంది. ఎంత ఉతికినా వదలని సున్నంతో అది బిరుసెక్కిపోయింది. మధ్యలో ముక్కు ఆకారం అలాగే నిలిచి ఉంది.