రెండు బూడిద గీతలు

ముత్తక్క నా టేబుల్ మీద కాగితం పరిచింది.

"శ్రావణీ, గీంట్ల మా గుంపు గీత ఏదే?"

చూశాను. రెండు గీతలూ ఒకే బూడిద రంగు. నా ల్యాప్‌టాప్‌లో ఒకటి నీలం, ఇంకోటి నారింజ. సారపాక జిరాక్స్ మిషన్‌కు ఆ సోకులు తెలియవు.

ముత్తక్క ఆశా కార్యకర్త. అడవిలో పైగుంపు, కిందిగుంపు రెండూ ఆమె చూసుకునే ఊళ్లే. ఇల్లు మాత్రం పైగుంపులో. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో నోట్‌బుక్‌లో రాస్తుంది. దవాఖానా డాక్టర్‌కు చూపించడానికి దాన్ని గ్రాఫ్‌గా గీసిచ్చింది నేను. రెండు నిమిషాల పని. రంగులేవీ ఎంచలేదు, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏమిస్తే అదే. ఊరికే దొరికే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడి జనమో జీతం లేకుండా బాగుచేస్తుంటారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ రంగులు బాగున్నాయని ఓటేసిన వాళ్లలోనూ ఒకదాన్ని.

"డాక్టర్ సార్ ఏమన్నడక్కా?"

"పైకి పోయిన గీత కిందిగుంపుదనుకున్నడు. దోమతెరలు ఒక్క గుంపుకే ఉన్నయంట. శుక్రారం బండి ఆడికే పోతది. మా కాడ పదకొండు మంది జరంతోని పడున్నరు, వాళ్ల కాడ ఇద్దరు."

"నువ్వు చెప్పలే?"

"చెప్పిన. 'నీ ఇల్లు ఆడనే కదా, గట్లనే అంటవ్' అన్నడు. కాగితం మీద చూపియ్యమన్నడు."

"కలర్ ప్రింట్ తీసిస్తా."

"రంగు నమ్మకే తల్లీ. ఏ ఇప్పచెట్టు ఎవరిదో గుర్తుకు గుడ్డ పీలికలు కట్టేటోళ్లం. మాది ఎర్రది, వాళ్లది పచ్చది. నెల ఎండకు రెండూ తెల్లబడ్డయి. ఇగ కొట్లాటే కొట్లాట! ఇప్పుడు మేం రెండు ముడులేస్తం, వాళ్లు ఒకటి. కండ్లు మూసుకొని తడిమినా తెలుస్తది."

నేను ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివాను.

పైగుంపు గీతను లావుగా, నిండుగా పెట్టాను. కిందిగుంపుది సన్నటి, మధ్యమధ్య తెగే తెంపుల గీత. రెండింటి చివరా ఊరి పేరు రాశాను. అదే జిరాక్స్ షాపులో, అదే మిషన్ మీద తీయించి, ఇద్దరం దవాఖానాకు పోయాం.

డాక్టర్ కాగితం చూశాడు. డ్రైవర్‌కు ఫోన్ చేసి, "శుక్రవారం పైగుంపుకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మొన్నటిది గీసింది ఎవరమ్మా?"

"నేనే సార్."

ఆ సాయంత్రమే, ఎవరూ ఏమీ ఎంచకపోయినా రంగుతో పాటు గీతల తీరు కూడా వేరుగా రావాలని సాఫ్ట్‌వేర్ వాళ్లకు మార్పు పంపాను. ఒకాయన జవాబిచ్చాడు: "మంచిదే. కానీ అందరి గ్రాఫుల రూపం మారిపోతుంది. అయినా ఈ రోజుల్లో రంగుల్లేకుండా ప్రింట్ తీసేదెవరు?" ముత్తక్క తెచ్చిన మొదటి కాగితం ఫొటో పెట్టాను. అప్పటినుంచి తెంపు ఎంత పొడుగుండాలనే దాని మీద చర్చ నడుస్తోంది.

శుక్రవారం దోమతెరలు పంచి, ముత్తక్క ఫోన్ చేసింది.

"నీ కంప్యూటరోళ్లు ఒప్పుకున్నరా?"

"ఇంకా ఆలోచిస్తున్నరక్కా."

"ఎంతమందికి జరమొస్తే ఒప్పుకుంటరో అడుగు. నోట్‌బుక్ నా కాడనే ఉంది."