పులుపు పెట్టకూడని పిట్ట

దాని పేరు టూకనెట్ అని బొమ్మలు గీసే మేడమ్ వచ్చాకే నాకు తెలిసింది. అంతవరకు మేం ముక్కుపిట్ట అనే అనేవాళ్లం. కాకి కంటే కాస్త చిన్నది. ముక్కు మాత్రం ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టు పెద్దది. మగదానికి మెడా రొమ్మూ నలుపు, చెవి దగ్గర పసుపు కుచ్చు, తోక కింద ఎరుపు. కంటి చుట్టూ ఈకలు లేనిచోట లేత అరిటాకు పచ్చ. ఆడదానికి నలుపు ఉండాల్సిన చోటల్లా ఇటుకరంగు.

అరబ్బు దేశంలో అల్ ఐన్ ఊరి బయట, మేం అర్బాబు అని పిలిచే యజమాని గారి ఖర్జూరపు తోటలో, ఏసీలు పెట్టిన అద్దాల గదుల్లో రకరకాల పిట్టలు వందకు పైనే ఉండేవి. ముక్కుపిట్టలు మాత్రం ఆ ఒక్క జంటే. మా ఆయన ఐజక్ వాటికి పళ్లు కోసి పెట్టి గదులు కడిగేవారు. నాది అర్బాబు ఇంట్లో వంటా, ఇస్త్రీ. ఇద్దరికీ వీసా ఇప్పించిన కఫీల్ ఆయనే, వీసాలు మాత్రం వేరు. మా పాప జాయ్స్‌కి అప్పటికి మూడేళ్లు.

పాపకి పుట్టినప్పటి నుంచి రక్తం తక్కువ. దానికంటే ముందు నాకు ఒక కొడుకు. నిడదవోలు దగ్గర మా ఊళ్లో పుట్టాడు. వాడూ ఇలాగే పాలిపోయి, పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే బస్సులోనే, నా ఒళ్లోనే పోయాడు. అందుకే జాయ్స్ కింది రెప్ప లాగి రోజుకి పదిసార్లు చూసేదాన్ని, ఎర్రగా ఉందా, తెల్లబడిందా అని. ఇక్కడ పాపకి ఆసుపత్రి కార్డుంది. నెలకోసారి రక్తం పరీక్ష చేసి మందు ఇస్తారు. ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ నా బిడ్డ నాకుంటుంది. నాకు తెలిసింది అంతే.

శుక్రవారం ఆరాధనలో కృపారాణి అని అమలాపురం ఆవిడ కలిసేది. ఆసుపత్రిలో నర్సు. ఒకసారి పాపని చూసి నన్ను కసిరింది.

"ఒట్టి ఐరన్ టానిక్కు పోస్తే ఒంటికి పడుతుందేంటే పిల్లా? పులుపు తోడుండాలి. కమలాపండు రసంలో కలిపి పట్టు. నాలుగు ఎండుద్రాక్షలు కూడా పెట్టు. ఆ పులుపే ఇనుముని లాక్కెళ్లి రక్తంలో కూర్చోబెడుతుంది."

నేను ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇది చెయ్యి, అది చెయ్యకు అన్నవాళ్లే గాని, ఎందుకో చెప్పినవాళ్లు నా బతుకులో లేరు. కృపక్క ఎందుకో కూడా చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి పాప రెప్ప కింద గులాబీరంగు వచ్చింది.

రెండువేల ఆరు జనవరిలో అర్బాబు తన పిట్టల మీద ఒక పుస్తకం వేయించడం మొదలుపెట్టారు. ఫోటోలు తీసేవాడు వారంలో పని ముగించుకుని వెళ్లాడు. ముక్కుపిట్టల ఫోటోలు మాత్రం అర్బాబుకి నచ్చలేదు. మగదాని రొమ్ము మీద ఈక కనపడటం లేదు, ఒట్టి మసిముద్దలా వచ్చింది. అట్ట మీద ఆ జంటే ఎదురెదురుగా ఉండాలని ఆయన పట్టు. అందుకని బొమ్మలు గీసే మేడమ్‌ని రప్పించారు.

ఆవిడ పొద్దున్నే అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. రోజుల తరబడి ఒట్టి పెన్సిలే. "రంగులెప్పుడు వేస్తారు?" అని డ్రైవరు షావలిని అడిగాను. అతను కడప మనిషి, ఆవిడ మాటలు మాకు చెప్పేవాడు.

"ఈకల రంగు పిట్ట సచ్చినా ఉంటాదంట దయమ్మా. కంటి సుట్టూ తోలు రంగు మాత్రం పానం ఉన్నప్పుడే సూడాలంట. దానికే కడాన టైము పెట్టుకుంటాదంట."

తోట ముదీర్, అంటే మేనేజరు, అమీర్ జాన్ ఐజక్‌ని పిలిచి ముందే చెప్పాడు. ఆ ఏడు పిట్టల జ్వరం భయంతో బయటి దేశాల పిట్టల్ని రానివ్వడం లేదు. ఈ జంట పోతే ఇంకోటి దొరకదు. "పిట్ట ఖలాస్ అయితే నువ్వూ ఖలాస్," అన్నాడు. ఉత్త బెదిరింపు కాదు. ఐజక్ కంటే ముందున్నవాణ్ణి రెండు చిలకలు చచ్చాయని ఇంటికి పంపేశారు.

ఫిబ్రవరిలో మగపిట్ట డీలా పడింది. కొమ్మ మీద ఉబ్బి కూర్చుని, మేడమ్ ఈల వేసినా తిరిగి చూడటం లేదు.

"నోరు తెరిచినప్పుడు చూశానండీ. లోపల తెల్లగా ఉంది," అన్నాను రాత్రి ఐజక్‌కి అన్నం పెడుతూ.

"పిట్టకి కూడా రెప్ప లాగి చూస్తున్నావేంటే, డాక్టరమ్మా?" అని నవ్వారు. నవ్వులో పస లేదు.

"కమలాపండు పెట్టి చూడకూడదా?"

"పులుపు పెట్టొద్దన్నారు వాటికి."

"ఎందుకంట?"

"ఎందుకో నాకేం తెల్సు? వద్దన్నారు, పెట్టను."

ఎందుకో ఆయనకీ తెలియదు. నాకు మాత్రం తెలుసుననుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన అవతలి గదులు కడిగే వేళకి నేను వెళ్లేదాన్ని. కమలా రసంలో నానేసిన మూడు ఎండుద్రాక్షలు, వాటి మీద పాప టానిక్కు నాలుగు చుక్కలు. పిట్ట ముక్కు కొసతో ఒక్కొక్కటీ పట్టి, తల వెనక్కి ఎగరేసి మింగేది. నాలుగో రోజుకి నా అడుగుల చప్పుడు వినగానే కొమ్మ దిగి వచ్చింది. మేడమ్ దాన్ని చూసి చప్పట్లు కొట్టింది. ఐజక్ "దేవుడు ప్రార్థన విన్నాడే" అన్నారు. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. పుస్తకం అయ్యాక చెబుదామనుకున్నాను. అలా పదకొండు రోజులు పెట్టాను.

పన్నెండో రోజు తెల్లారేసరికి పిట్ట నేల మీద వెల్లకిలా పడి ఉంది.

డాక్టరు టౌను నుంచి బయల్దేరేలోపు మేడమ్ రంగుల పెట్టెతో పరుగెత్తుకొచ్చింది. పిట్టని వెలుతుర్లోకి ఎత్తి పట్టుకోమని నాకు సైగ చేసింది. రెండు చేతులా పట్టుకున్నాను. ఒంట్లో వెచ్చదనం ఇంకా కాస్త ఉంది. ఆవిడ కాగితం మీద పచ్చ కలుపుతూ, కంటివైపు చూస్తూ, మళ్లీ కలుపుతూ ఉంది. నా చేతుల్లోనే ఆ పచ్చ పాలిపోతోంది. ముందు అంచుల్లో బూడిదరంగు వచ్చింది, తర్వాత లోపలికి పాకింది. ఆవిడ గబగబా వేస్తోంది. ఇంకో రెండు చుక్కలు ఎక్కువ పోసి ఉంటే బతికేదేమో అని, నిజంగా, అప్పుడు అదే అనుకుంటున్నాను.

డాక్టరు వచ్చి కోశాడు. చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. షావలి నాకూ ఐజక్‌కీ చెప్పాడు.

"కార్జం నిండా ఇనుమంట. ఈ జాతి పిట్టలకి ఇనుము లోపలికి పోతే బయటికి రాదంట. పులుపు పెడితే ఇంకా ఎక్కువ పడతాదంట. రోగం ముందు నుంచే ఉండొచ్చు అంటాండాడు. అయితే కడుపులో ఎండుద్రాక్ష తొక్కలుండాయి. ఎవురు పెట్నారని అడుగుతాండాడు."

ఐజక్ నావైపు చూశారు. నా మొహంలో ఏం కనపడిందో, వెంటనే అమీర్ జాన్ వైపు తిరిగి, "మైనే దియా సాబ్," అని తన మీద వేసుకున్నారు. తర్వాత నా పక్కకొచ్చి, పెదాలు కదలకుండా, "నోరు తెరవకు. నువ్వని తెలిస్తే ముగ్గురం పోవాలి. నేనంటే నేనొక్కణ్ణే. పాపని చూసుకో," అన్నారు.

నేను నోరు తెరవలేదు. ఆయన అన్నది సబబుగానే తోచింది. ఆ మధ్యాహ్నమంతా నా బిడ్డ మిగిలిందనే అనుకున్నాను. మొగుడు పోతున్నాడన్న బాధ కంటే అదే ముందు వచ్చింది నాకు. దాచుకోవడమెందుకు?

సాయంత్రం అమీర్ జాన్ కబురు పెట్టాడు. ఆఫీసు గదిలో బల్ల మీద పాస్‌పోర్టులు రెండున్నాయి. ఐజక్‌దీ, జాయ్స్‌దీ.

"పాప వీసా తండ్రి వీసా మీద ఉంది. అతనిది కాన్సిల్ అయితే పాపదీ కాన్సిల్. శుక్రవారం ఇద్దరికీ టికెట్," అన్నాడు హిందీలో.

"మరి నేను?"

"నీ కాంట్రాక్టు ఇంకా పదహారు నెలలుంది. అర్బాబు ఇంట్లో పెద్దావిడ నిన్ను వదలనంటోంది."

"నేనే పెట్టాను సాబ్. ఆయనకి తెలీదు. పాప మందు పోశాను. నన్నూ పంపెయ్యండి," అన్నాను.

అతను కోప్పడలేదు. జాలిగా చూశాడు. "అబద్ధాలొద్దు బెహెన్. నీ బిడ్డ మందు తీసుకెళ్లి ఎవరైనా పిట్టకి పోస్తారా?"

"రక్తం పడుతుందని పోశాను."

"పిట్టకా?"

సీసా తెచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు. ఐజక్‌ని పిలిచి అడిగాడు. ఆయన నావైపు చూడకుండా, "బిడ్డ మీద బెంగతో అంటోంది సాబ్," అన్నారు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా ఉంటే మందులు పంపిస్తావే," అన్నారు. మందు పంపొచ్చు. రెప్ప లాగి చూసేదెవరు?

వెనక నుంచి అమీర్ జాన్ పిలిచాడు. మేడమ్ రేపు ఆడపిట్ట బొమ్మ మొదలుపెడుతుందట. కొత్తవాడు వచ్చేదాకా దానికి పళ్లు నన్ను కోసి పెట్టమన్నాడు.

"నేను పెట్టను సాబ్. నా చేత్తో పెట్టించకండి."

ఆ మాటకి మాత్రం అతనికి కోపం వచ్చింది. మొగుడికి టికెట్ కొట్టేసరికి పొగరు వచ్చిందన్నాడు. పొద్దున్న ఆరింటికల్లా పళ్ల గదిలో ఉండాలన్నాడు.

అది బుధవారం. గదికి వెళ్లేసరికి జాయ్స్ తలుపు దగ్గరే ఉంది. కొత్త గౌను వేసుకుంది, ఊరికి వెళ్తున్నామని నాన్న చెప్పారట. నన్ను కూడా తయారవ్వమంది.