ఉతికిన టెంటు

లాండ్రీ వాళ్ళకి సెలవనేది ఒకటుంటుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి ఆ కొట్టు కిటికీలోంచి ఆవిరి వస్తూంటుంది, వీధి దీపాలు వెలిగాక కూడా వస్తూనే ఉంటుంది. అలాంటిది ఒక శనివారం పొద్దున షట్టరు ఎత్తకుండా, దానికి "రేపటిదాకా లేము" అని రాసిన అట్టముక్క తగిలించి, బట్టలు చేరవేసే వ్యానులోనే మొగుడూ పెళ్ళాం కొండదారి పట్టారు. పక్క కొట్టు తాళాలాయన కంగారుపడి ఫోను చేశాడు, ఎవరు పోయారని. ఎవరూ పోలేదు, మేమే పోతున్నాం అని చెప్పింది లాండ్రీ ఆవిడ.

ఈ ప్రయాణం వాళ్ళమ్మాయి నిర్వాకం. తన ఆఫీసులో ఒకతని దగ్గర టెంటు అడిగి తెచ్చింది, కొండల్లో నది పక్కన టెంట్లు వేసుకునే చోటొకటి మాట్లాడి పెట్టింది. అక్కడికెళ్ళి ఏ పనీ నెత్తినేసుకోవద్దనీ, నీళ్ళ దగ్గర ఊరికే కూర్చోమనీ చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఊరికే కూర్చోవడమెలాగో ఇద్దరికీ తెలియదు. అయినా ఆవిడ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. ఒప్పుకున్నది నది కోసం కాదు. మొగుడితో ఒక మాట చెప్పాలి, అది కొట్టులో చెప్పడం కుదరట్లేదు.

మాట పెద్దదేం కాదు. బస్‌స్టాండు దగ్గర కొత్త హోటలొకటి లేస్తోంది. గదుల్లోని దుప్పట్లూ దిండు గలీబులూ తువ్వాళ్ళూ మీరే ఉతికిపెట్టాలని దాని మేనేజరు కొట్టుకొచ్చి అడిగాడు. ఆదివారంలోగా చెప్పమన్నాడు. ఆ రోజు నుంచీ మొగుడి నడకే మారిపోయింది. వెనక పెరట్లో కొత్త మిషను ఎక్కడ పెట్టాలో సుద్దతో గీతలు గీశాడు, ఆ గీతల మధ్య నిలబడి చేతులు చాపి చూసుకున్నాడు. ఏమంటావని ఆవిణ్ణి అడిగితే, చూద్దామంది. ఆ ఇంట్లో చూద్దామంటే సరేనని అర్థం. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ చూద్దామన్నది ఏదీ ఆగలేదు మరి.

నిజానికి ఆవిడ భుజాలు చలికాలంలోనే మొరాయించాయి. కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే మంచమ్మీద కూర్చుని, తల మోకాళ్ళదాకా వంచి, జుట్టంతా ముందుకి పడేసుకుని వేసుకుంటోంది. ఆయన అది చూడలేదు. చూడకపోవడం ఆయన తప్పనీ అనలేం, ఆయన లేచేసరికే ఆవిడ జడ పని అయిపోయి ఉంటుంది. ఇద్దరూ పొద్దస్తమానం ఒకే గదిలో ఉంటారు గానీ, మిషన్ల రొదలో ఏది చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. సబ్బుపొడి అయిపోయిందని అరిచి చెప్పొచ్చు. ఒళ్ళు అలిసిపోయిందని అరిచి చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

కొండ మీదికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. గేటు దగ్గర ఓ చెక్క గది, అందులో స్వెట్టరేసుకున్న కాపలా మనిషి. అక్కణ్ణించి చెట్ల మధ్య మట్టిదారి మెలికలు తిరుగుతూ నది ఒడ్డుకి దిగుతుంది. ఒడ్డు పొడుగునా టెంట్లకి చదును చేసిన జాగాలు, ఒక్కో దాని ముందు దుంగల్ని కోసి చేసిన బల్ల, మంటకి రాళ్ళు పేర్చిన గుండ్రం. ఫోనులో మాట్లాడాలంటే మళ్ళీ గేటుదాకా ఎక్కి రావాలని, కింద సిగ్నలు అందదని కాపలా మనిషి చెప్పాడు. ఆ మాటకి లాండ్రీ ఆయన మొహం కాస్త వాడింది.

వ్యాను దిగి నాలుగడుగులు వేశాక ఆవిడ టక్కున ఆగిపోయింది. నది బండరాళ్ళ మీద పడి దొర్లుతూ, అచ్చం జాడింపులో ఉన్న మిషనులా హోరుమంటోంది. ఇక్కడా అరవాల్సిందేనన్నమాట, అనుకుంది.

టెంటు వెయ్యడానికి పెద్ద తతంగమే అయింది. ఆ టెంటు సంగతి చెప్పాలి. ఆఫీసతను ఇచ్చినప్పుడు అది మూటలో మాగిన తడిగుడ్డ కంపు కొట్టింది. ఒకరి వస్తువు తమ గడపలోకి మురికిగా వచ్చి మురికిగా వెళ్ళడమంటే ఆ దంపతులకి తల కొట్టేసినట్టుంటుంది. అందుకని ఆవిడ దాన్ని పెద్ద మిషనులో వేసి, మరిగే నీళ్ళు పట్టి, గట్టి సబ్బుపొడి రెట్టింపు దట్టించి, ఒకసారికి వాసన పోకపోతే ఇంకోసారి తిప్పింది. కుట్ల వెంబడి పాత జిగురు పట్టీలేవో అంటుకుని ఉంటే ఆయన కూర్చుని ఓపిగ్గా గోటితో గీకి పారేశాడు. ఆ పైన గుడ్డ కప్పి, ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి మడతపెట్టాడు. అంత శుభ్రమైన టెంటు ఆ అడవిలో ఎవరి దగ్గరా లేదు.

పక్క జాగాలో ఒక బస్సు డ్రైవరమ్మ ఉంది. ఏటా ఒక్కతే వచ్చి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని వెళ్తుందట. లాండ్రీ వాళ్ళు టెంటు విప్పగానే నిలువునా అడ్డంగా చొక్కా మడతలు కనబడేసరికి డ్రైవరమ్మ లేచి వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. వరసలు కలిపేసుకోవడంలో దిట్ట.

"వదినా, దీనికి ఇస్త్రీ చేశారా ఏంటి?"

చేశామంది ఆవిడ, కొంచెం గర్వంగానే. డ్రైవరమ్మ ఏదో అనబోయి, ఆకాశంకేసి చూసి, మనసు మార్చుకుని తన చోటికి పోయింది.

రొట్టెలూ ఉడికించిన గుడ్లూ తిన్నాక ఆయన ఊరికే కూర్చోలేకపోయాడు. టెంటు తాళ్ళు మళ్ళీ బిగించాడు. పడి ఉన్న చిదుగులు పోగేసి పొడుగు ప్రకారం పేర్చాడు. రాత్రి కప్పుకోవడానికి తెచ్చిన దుప్పట్లు దులిపి మళ్ళీ మడతలు పెట్టాడు. ఆవిడ బల్ల మీద చేతులానించి కూర్చుని, ఆయన ఒక్క నిమిషం ఆగితే చెబుదామని చూస్తోంది. ఆగలేదు. ఆగినప్పుడల్లా హోటలు మాటే. గదులెన్నో లెక్క చెప్పాడు, దుప్పటికి ఎంత నీలం పట్టాలో చెప్పాడు, ఆ హోటలు మూలంగా వీధిలో తమ పేరు ఎలా నిలబడుతుందో చెప్పాడు. ఆవిడ ఊఁ కొట్టింది. ఊఁ కొట్టినందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

పొద్దు వాలుతుండగా వాన మొదలైంది. కొండల్లో వాన చెప్పి రాదు, వచ్చాక తొందరగా పోదు. ఇద్దరూ టెంటులో దూరారు. కాసేపు బాగానే ఉంది. ముందు కుట్ల దగ్గర చెమ్మ కనబడింది. తర్వాత కుట్ల వెంబడి వరసగా బొట్లు. ఆ తర్వాత కుట్టనీ గుడ్డనీ తేడా లేకుండా పైకప్పంతా ఒకేసారి కురవడం మొదలుపెట్టింది. బయట ఎలా కురుస్తోందో లోపలా అలాగే కురుస్తోంది, కాకపోతే లోపల కాస్త సబ్బు వాసన.

డ్రైవరమ్మ గొడుగేసుకుని వచ్చి తల లోపలికి పెట్టి, టెంటుని ఏమేం చేశారో అడిగి తెలుసుకుంది. టెంటుగుడ్డకి నీళ్ళు ఆగడానికి ఒక పూత ఉంటుందనీ, వేడి నీళ్ళూ సబ్బూ తగిలితే అది కాస్తా పోతుందనీ, మీరు గీకేసిన జిగురు పట్టీలే కుట్ల దగ్గర నీళ్ళు ఆపేవనీ చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ నవ్వాపుకోలేకపోయింది.

"మధ్యాహ్నమే అందామనుకున్నా అన్నయ్యా. ఆ ఇస్త్రీ మడతలు చూశాక నోరు రాలేదు."

ఉడుకు టీ ఉంది రమ్మని పిలిచింది కూడా. ఆయన వెళ్ళలేదు. బట్ట చేతికొస్తే చెడగొట్టి ఇవ్వడం ఆయన జన్మలో లేదు. మొహం కందగడ్డలా చేసుకుని వ్యానులోంచి గిన్నెలూ తువ్వాళ్ళూ తెచ్చాడు. ఎక్కడ బొట్టు పడితే అక్కడ గిన్నె పెట్టాడు, నేల మీద నీళ్ళని తువ్వాలుతో అద్ది బయట పిండాడు, మళ్ళీ అద్దాడు. నదికి పక్కన, వానకి కింద, కురిసే టెంటులో కూర్చుని ఒక మనిషి తువ్వాలుతో నేల ఆరబెడుతున్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు. చూస్తుంటేనే ఒళ్ళు నొప్పులు పుట్టాయి.

"ఆ తువ్వాలు పిండి ఇటివ్వు" అన్నాడు ఆయన. "కొత్త మిషనొస్తే ఇలాంటివి ఎన్నైనా..."

ఆవిడ తువ్వాలు పిండలేదు. ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఆ హోటలు దుప్పట్లు ఉతకను."

అరవలేదు, మామూలుగానే అంది. అంత హోరులోనూ ఆయనకి వినబడింది.

"ఇప్పుడెందుకా మాట?"

"ఎప్పుడనాలి?"

"ఉతికేది మిషను, నువ్వు కాదు."

"లోపల వేసేదీ బయటికి లాగేదీ కూడా మిషనేనా? తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో మీకు తెలీదా?"

"చూద్దామన్నావుగా మరి."

"చూశాను."

ఆయన మళ్ళీ నేల అద్దబోయాడు. అప్పుడావిడ కుడిచెయ్యి పైకెత్తింది. చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంతే, అంది. చలికాలం నుంచీ ఇంతే లేస్తోందని చెప్పింది. జడ ఎలా వేసుకుంటున్నావని ఆయన అడిగాడు. చెప్పింది. ఆ జడ వంక ఆయన చాలాసేపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మందు రాస్తారు. రాసి, పొద్దున్నే మిషను దగ్గరికి పద అంటారు."

 ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. గురువారమే మేనేజరుకి సరేనని చెప్పేశాడట. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న చరిత్ర తనకి లేదన్నాడు. వీధిలో తల ఎలా ఎత్తుకోమంటావన్నాడు. ఈ వయసులో పని వద్దనడం మొదలుపెడితే రేపు తమ తలుపు తట్టేవాడుండడన్నాడు. అలా అంటూ అంటూనే లేచి, వానలోనే వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ గిన్నెలు నిండటం చూస్తూ కూర్చుంది. ఒక్కదాన్నీ పారబొయ్యలేదు.

ఆ రాత్రి ఇద్దరూ వ్యానులోనే పడుకున్నారు, ఇస్త్రీ బట్టలు తగిలించే ఇనప కమ్మీల కింద. ఆయన అటు తిరిగి, ఆవిడ ఇటు తిరిగి.

పొద్దున్నకి వాన వెలిసింది. చెట్ల నుంచి ఇంకా చినుకులు రాలుతున్నాయి, నది నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన మొహం కడుక్కుని, ఫోను జేబులో వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా గేటు దారి పట్టాడు. ఆవిడ వెనకాలే నడిచింది. ఎక్కుతుంటే మోకాళ్ళు మూలిగాయి. వెళ్ళి ఇచ్చిన మాట ఖాయం చేస్తాడో వద్దంటాడో ఆవిడకి తెలియదు. ఆయన వీపు చూస్తే ఏమీ తెలియట్లేదు.

గేటు దగ్గర సిగ్నలు అందింది. మేనేజరు ఫోనెత్తాడు. ఆయన ఒకసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నమస్కారమండీ అన్నాడు, నాదేం లేదండీ అన్నాడు, మా ఆవిడే ఒప్పుకోవడం లేదండీ అన్నాడు. ఒకసారి వద్దందంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అంతే అన్నాడు. మొదట్నుంచీ మొండిదేనండీ, నేను ఎలా వేగుతున్నానో నాకే తెలుసు అన్నాడు. భుజం సంగతి ఎత్తలేదు. గొడ్డుచాకిరీ చేసినన్నాళ్ళూ ఆవిడకి రాని పేరు వద్దన్న పొద్దునే వచ్చింది.

ఆవిడకి చర్రున కోపం వచ్చింది. వచ్చినంత తొందరగానే అలిసిపోయింది కూడా. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి, ఫోను లేని చెయ్యి ప్యాంటు అంచుని నలుపుతోంది. వద్దనే మాట ఆయన నోటమ్మట ఒంటరిగా రాలేదు, ఎవరి భుజమ్మీదో ఎక్కించి పంపితేనే కదిలింది. సరే ఎక్కించుకోనీ, అనుకుంది. దుప్పట్ల కంటే ఇదే తేలిక.

ఆయన ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగాడు. కళ్ళలో చిన్న వెలుగు.

"దుప్పట్లు వేరే వాళ్ళకిస్తాడట. తువ్వాళ్ళొక్కటే చెయ్యమంటున్నాడు. చిన్నవే కదా."

అదీ అసలు గండం. పెద్ద బరువు వద్దనడానికి ఒక రాత్రి పట్టింది. చిన్నదాన్ని వద్దనడానికి మొహం చెల్లదు. నాలుక మీదికి అలవాటుగా చూద్దామనే వచ్చింది. పెదాలు విడిపోయాయి కూడా. ఆవిడ ఊపిరి తీసుకుని, దాన్ని మింగింది.

"వద్దు."

ఆయన ఇంకాస్త చూశాడు, మారుతుందేమోనని. మారలేదు.

"తువ్వాళ్ళు కూడా వద్దంటోందండీ" అని చెప్పి, అవతలి మాట విని, ఉంటానండీ అని పెట్టేశాడు.

కాపలా మనిషి తలుపు తీసి, అంతా బానే ఉందా అని అడిగాడు. బానే ఉందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. దారి దిగుతూ ఆయన చెట్లతో చెప్పినట్టు చెప్పాడు.

"ఇక వీధంతా నన్ను పెళ్ళాం చాటు మొగుడంటుంది."

"అననివ్వండి. నన్ను మొండిదని మీరే చెప్పొచ్చారు. సరికి సరి."

 సగం దారిలో ఆవిడ ఒక తడి బండ మీద కూలబడింది. చీర తడుస్తుంది లెమ్మన్నాడు ఆయన. తడవనీ అంది ఆవిడ. ఆయన అటో అడుగు, ఇటో అడుగు వేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తల పక్క చెట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆయన్ని అలాగే ఊరికే నిలబడనిచ్చింది.