హంసల దిబ్బ మీద అడుగులు

ఉత్తరపు మంచునేలలో ఖాంతీ తెగవాళ్లు కొలిచే దేవుడి సరస్సు మధ్యనున్న దిబ్బ మీద ఆడవాళ్లు కాలు పెట్టకూడదు. హంసలు గుడ్లు పొదిగే రోజుల్లో మగవాళ్లూ పెట్టరు.

ఉలిత పెట్టింది.

ఐదేళ్ల కూతురు పోల్యా ఎక్కడా కనపడలేదు. ఒడ్డున కట్టిన పడవ, తాడు ఊడి, ఖాళీగా నీళ్లలో తేలుతోంది. ఇంకేముంది, పిల్ల అందులో దిబ్బకు కొట్టుకుపోయి అక్కడ దిగిపోయిందని నిశ్చయించేసుకుంది ఉలిత. ఆమె మనసు ఎప్పుడూ చెడ్డవైపుకే పరిగెడుతుంది. ఆ పడవే పట్టుకుని వెళ్లి, రెల్లంతా తొక్కి, పొదలు విరిచి, గొంతు పోయేదాకా అరిచింది. హంసలు ఎగిరిపోయాయి. ఇంటికొచ్చి చూస్తే పోల్యా కొట్టుగదిలో జింక తోళ్ల మీద ఆదమరిచి నిద్రపోతోంది.

హంసలు మళ్లీ గూట్లో వాలలేదు. గుడ్లు కాకుల పాలయ్యాయి.

అభయారణ్యం తరఫున హంసల లెక్క రాసుకునే వేరా వారం క్రితమే వచ్చి, గూట్లో హంస ఉందని రాసుకుపోయింది. మళ్లీ వచ్చి దుర్భిణిలో చూస్తే గూడు ఖాళీ. ఆ మాట వినగానే ఉలిత మామగారు ఎఫీమ్ ముఖం నల్లబడింది. దిబ్బను కనిపెట్టుకుని ఉండేది ఆయనే. వేరా మోటారు పడవ రొదకే పక్షులు బెదిరాయన్నాడు. సరస్సును అభయారణ్యంలో కలిపే కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఆ సంతకం లేకపోతే చమురు తవ్వేవాళ్ల రోడ్డు ఒడ్డు పక్కనుంచే పోతుంది.

"నీకు పక్షుల్ని లెక్కపెట్టడం తెలుసు గానీ, వాటి పక్కన మసలడం తెలీదు వేరమ్మా," అన్నాడు.

వేరా తల దించుకుంది. ముందున్న టీ చల్లారిపోతోంది.

పొయ్యి దగ్గర ఉలిత రుమాలు ముఖం మీదికి లాక్కుంది. కోడలు మామగారితో నేరుగా మాట్లాడకూడదు. పదకొండేళ్లుగా ఏ మాటైనా ఇంకొకరి నోట పంపించడమే. "పోల్యా, తాతతో చెప్పవే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఈ మాట కూడా పిల్ల నెత్తిన పెట్టడమా?

పొయ్యివైపే చూస్తూ అంది: "దిబ్బెక్కింది నేనే మామయ్యా. పిల్ల కనపడలేదని."

ముసలాయన గోడవైపు తిరిగాడు. "పోల్యా, గూడు చూసిందేమో మీ అమ్మనడుగు," అన్నాడు.

"చూడలేదు. చూసినా ఆగేదాన్ని కాదు."

ఎఫీమ్ కాగితం దగ్గరకు లాక్కుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. "వేరమ్మకి వేడి టీ పొయ్యమను," అన్నాడు మనవరాలితో. కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే గుండె బరువు ఎంతో కొంత దిగేది. ఆ గుడ్ల ఉసురు రేపు పోల్యాకే తగులుతుందనుకుంటూ ఉలిత వేరా కప్పులో వేడి టీ పోసింది.

వేరా పుస్తకం తెరిచి, మనిషి అలికిడికి హంసలు గూడు వదిలేశాయని రాసింది.

"నా పేరు రాయి," అంది ఉలిత.

"పేరుకి ఇందులో చోటు లేదక్కా."

"అంచున రాయి."

వేరా రాసి, చదివి వినిపించింది: "ఉలిత. కూతుర్ని వెతుక్కుంటూ."

"ఆ రెండో ముక్క కొట్టెయ్యి. కూతురు ఇంట్లోనే ఉంది."