బొట్టు చాటు దీపం

నేను ఒక పసుపుపచ్చ దీపాన్ని. పెసరగింజంత బల్బు, దాని ముందు ఇంజను ఆకారంలో కోసిన చిన్న పలక, ఇంతే నా ఒళ్ళు. కారు నడిపేవాళ్ళ కళ్ళెదుట, వేగం చూపే ముల్లుకూ పెట్రోలు చూపే ముల్లుకూ నడుమ నా కాపురం. నన్ను గీసినాయన ఇంజను బొమ్మే గీశాననుకున్నాడు గాని, చూసినవాళ్ళలో కొందరు తాబేలన్నారు, కొందరు కుళాయి బిగించిన బిందె అన్నారు.

నా ఉద్యోగం చిన్నది. ఇంజనులో ఎక్కడో ఏదో తేడా వస్తే వెలగాలి. ఎక్కడ, ఏమిటి అన్నది నాకు తెలియదు. లోపల ఒక పెట్టె ఉంది. ఇంజను నలుమూలల నుంచీ కబుర్లు దానికి చేరతాయి. అది వెలగమంటే వెలుగుతాను, చాలంటే ఆరిపోతాను. పసిపిల్ల ఏడుపులాంటిది నా వెలుగు. ఆకలో, కడుపునొప్పో, చీమ కుట్టిందో కనిపెట్టాల్సింది పెద్దవాళ్ళు.

ఫ్యాక్టరీలో నన్ను మీటరు బోర్డులో బిగించిన అమ్మాయి ఒకసారి వెలిగించి చూసి, తృప్తిగా తలూపింది. నేను వెలిగితే సంతోషించిన మొదటి మనిషి ఆవిడ. ఆ తరవాత చాలా ఏళ్ళ వరకూ రెండో మనిషి దొరకలేదు.

కారును మొదట కొన్నది కాకినాడలో హోమియో వైద్యులు శఠగోపాచార్యులుగారు. మంచి మనిషి. నలభై దాటి నడిపేవారు కాదు. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా వైద్యం బోధించేవారు. "దురద వచ్చిందని పూత రాసి నొక్కేస్తే రోగం లోపలికి పోతుందయ్యా. లక్షణం మన శత్రువు కాదు, కబురు తెచ్చిన మనిషి. కూర్చోబెట్టి వినాలి," అనేవారు. వింటుంటే నాకు ఒళ్ళు పులకరించేది. ఇంతకంటే నాకు తగిన యజమాని ఎవరుంటారు!

పదో ఏట ఒకరోజు పెట్టె నుంచి ఆజ్ఞ వచ్చింది. వెలిగాను. ఆచార్యులుగారు వేలితో రెండుసార్లు తట్టారు. ఆరలేదు. మర్నాడూ వెలిగాను. ఆ మర్నాడూ వెలిగాను. నాలుగో రోజు పక్కనున్న భార్యతో అన్నారు:

"ఆండాళూ, నీ దగ్గర బొట్టుబిళ్ళ ఉంటే ఒకటియ్యి."

"మీకెందుకండీ?"

"ఈ లైటు కంటికి గుచ్చుకుంటోంది."

ఆవిడ పర్సులోంచి పెద్ద మెరూన్ రంగు బిళ్ళ తీసిచ్చారు. ఆయన దాన్ని అద్దం మీద, సరిగ్గా నా మొహానికి అడ్డంగా అంటించారు. కబురు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి వినడం అలా జరిగింది. ఆ బిళ్ళ వెనక నేను ఏడాదిపాటు వెలుగుతూనే ఉన్నాను. ఆ తరవాత ఆయనకు కళ్ళు సరిగా ఆనక కారు అమ్మేశారు.

కొన్నది ఆత్రేయపురం లోవకుమారి. వయసు నలభై అయిదు, పని పూతరేకులు. బియ్యపు పాలలో పల్చటి గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర తేలుతుంది. అదే రేకు. ఉల్లిపొరలాంటి ఆ రేకుల్ని డబ్బాల్లో పేర్చి ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళి, భీమశంకరంగారి మిఠాయి దుకాణానికి ఇవ్వాలి. నెయ్యీ బెల్లమూ వేసి మడతలు పెట్టేది అక్కడ. బస్సులో డబ్బాల మీద జనం పడుతున్నారని, ఆవిడ పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, ఈ పాత కారు కొంది. తోడుగా ఆడపడుచు వీరవేణి వచ్చేది. వయసులో పెద్దది, మాటలో ఇంకా పెద్దది.

మొదటి రోజే లోవకుమారి అద్దం మీద బొట్టు చూసింది. "చూసేవా వదినా, ఎంత భక్తిపరులో! మీటరుక్కూడా బొట్టెట్టుకున్నారు."

"తియ్యకే బాబూ. ఎవరు ఏం మొక్కుకుని ఎట్టేరో," అంది వీరవేణి.

తియ్యలేదు. పైగా ప్రతి శుక్రవారం నాకు కుంకుమ కూడా దక్కింది. లోకంలో ఏ హెచ్చరికకూ ఇంత పూజ జరిగి ఉండదు.

ఆ రోజుల్లో కారుకు ఒక జబ్బు ముదురుతోంది. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు బాగానే ఉండేది. ఆపి నిలబెడితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంజను తిరిగే జోరు చూపే ముల్లు పైకీ కిందికీ ఊగేది, సీట్లు గడగడలాడేవి. పాత కార్లన్నీ ఇంతే కాబోలనుకుంది లోవకుమారి. ఆవిడకు ఇదే మొదటి కారు.

రాజమండ్రిలో డబ్బా మూత తీస్తే పైన రేకులు, అడుగున పొడి.

మొదటిసారి భీమశంకరంగారు నవ్వి ఊరుకున్నారు. మూడోసారి నవ్వలేదు. "ఏంటమ్మా ఇది? రేకులిమ్మంటే విభూది తెచ్చేవు. మీ అమ్మ చేతి రేకు గోదాట్లో పడేసి తీసినా విరిగేది కాదు," అన్నారు. అది అతిశయోక్తి. కాని ఆ మాట లోవకుమారికి ముల్లులా దిగింది.

ఇంటికి వెళ్ళగానే ఆవిడ పనిలో పడింది. బియ్యం మార్చింది. కుండ మార్చింది. పిండి మరికాస్త చిక్కగా కలిపింది, రేకు మందమైపోయిందని మళ్ళీ పల్చన చేసింది. ఊళ్ళో ఎవరో "లోవకుమారి చేతిలో వాటం పోయింది" అన్నారని తెలిసింది. ఒకరోజు ఆనకట్ట మీద వాహనాలు ఆగిపోయినప్పుడు, స్టీరింగు మీద పెట్టిన తన చేతుల్ని తిప్పి చూసుకుంది. వేళ్ళ కొసలన్నీ ముప్పై ఏళ్ళ కుండవేడికి గట్టిపడి ఉన్నాయి.

"నిజంగా చెయ్యి పోయిందేమో వదినా," అంది మెల్లగా.

వీరవేణి ఒళ్ళోని డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నేను బిళ్ళ వెనక నుంచి గుడ్లురిమి వెలిగాను. తప్పు నీ చేతిది కాదమ్మా, నువ్వు కూర్చున్న బండిది అని అరవాలనిపించింది. అరిచే నోరు నాకు లేదు. ఉన్న ఒక్క వెలుగుకూ బొట్టు పెట్టి దణ్ణం పెడుతున్నారు.

నన్ను విడిపించింది ఎండ. రోహిణి కార్తెలో కారును దుకాణం ముందు మిట్టమధ్యాహ్నం వదిలారు. బిళ్ళ వెనక జిగురు కరిగింది. బిళ్ళ మెల్లగా జారి, జారి, వేగం మీటరులో నలభై అంకె మీద ఆగింది. లోవకుమారి వచ్చి తాళం తిప్పింది. ఏళ్ళ తరవాత నేనొక మనిషి మొహం చూశాను.

"వదినా! ఇదేంటి, బొట్టు కింద దీపం ఉంది!"

వీరవేణి వంగి చూసింది. "ఓలమ్మో, బిందె బొమ్మలా ఉందే. నీళ్ళు పొయ్యమంటోందేమో."

రేడియేటర్లో నీళ్ళు పోశారు. నేను ఆరలేదు. తిన్నగా ధవళేశ్వరంలో బాజీ మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళారు.

బాజీ నిదానస్థుడు, కానీ అతని దగ్గర కొత్తగా కొన్న స్కానరు ఉంది. అది కొన్నప్పటి నుంచీ చెవులకు పని తగ్గించాడు. యంత్రాన్ని స్టీరింగు కింద గుచ్చి, తెర చదివి, "ఇంజన్లోకి గాలెక్కువ, పెట్రోలు తక్కువ పోతందని చెప్తందమ్మా," అన్నాడు. ముందు ప్లగ్గులు మార్చాడు. యంత్రంతో నన్ను చెరిపేశాడు. మూడో రోజు మళ్ళీ వెలిగాను. ఈసారి పొగగొట్టం దగ్గరుండే సెన్సారును మార్చి, మళ్ళీ నన్ను చెరిపేశాడు. పాపం, ఇన్నాళ్ళూ గాలెక్కువైందని నిజం చెప్పింది ఆ సెన్సారే. చెప్పినవాడి ఉద్యోగం ఊడింది. కొత్తగా వచ్చినవాడు రెండు రోజులు పరిస్థితి గమనించి, సరిగ్గా అదే మాట చెప్పాడు. నేను మళ్ళీ వెలిగాను.

ఈలోగా భీమశంకరంగారికి ఒక పెద్ద పెళ్ళి ఒప్పందం వచ్చింది. మూడువేల రేకులు కావాలి. "పాత మర్యాద కొద్దీ నీకే ఇస్తన్నానమ్మా. ఈసారి కూడా పొడైతే ఇంక నువ్వు రావద్దు, నేను రమ్మనను," అన్నారు. లోవకుమారి ఒప్పుకుంది. బయటికొచ్చి కార్లో కూర్చుని, తాళం సగమే తిప్పి చాలాసేపు నన్నే చూసింది.

"వదినా, నిన్నటి రేకులు బాగానే చేరేయి కదా?"

"ఒక్కటి విరగలేదు."

"నిన్న ఆనకట్ట మీద ఖాళీ. ఎక్కడా ఆగలేదు. ఇవాళ ముప్పావుగంట ఆగేం, సగం పొడి. మొన్న?"

వీరవేణి వేళ్ళు మడిచింది. "మొన్న లాకుల దగ్గర ఆగేం. విరిగేయి. అయితే... నేను ఒళ్ళో ఎట్టుకున్న డబ్బా మాత్రం విరగలేదే!"

"నడిస్తే విరగట్లేదు. నిలబడితే విరుగుతున్నాయి," అంది లోవకుమారి. "నా చెయ్యి కాదు వదినా. బండి!"

ఆ మాట వినడానికి నేను ఎన్నాళ్ళు వెలిగానో నాకే తెలుసు.

షెడ్డులో ఇదే చెబితే బాజీ చేతిలో స్కానరు పక్కన పెట్టేశాడు. "నిలబడ్డప్పుడే వణుకుతందా? పరుగులో లేదా? ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వు నన్నడిగేవా? ఆ యంత్రాన్నడిగేవు."

బాజీ సిగ్గుపడి నవ్వాడు. ఇంజను వేసి, బోనెట్ ఎత్తి, చాలాకాలం తరవాత చెవి పెట్టి విన్నాడు. ఎక్కడో పాము బుసలాంటి చప్పుడు. "ఏదో రబ్బరు గొట్టం పగిలిందమ్మా. ఇంజను పీల్చుకునే గాలి కొలతలో రావాలి. పగులులోంచి దొంగగాలి పోతంది. పరుగులో ఇంజను గాలి ఎక్కువ తాగుద్ది గనక ఈ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. నిలబడితే మాత్రం కొలత తప్పుద్ది. గొట్టాలు చూస్తే పది ఉన్నాయి, కొన్ని అడుక్కి ఉన్నాయి. పగులు కంటికి ఆనట్లేదు."

లోవకుమారి ఒక్క నిమిషం ఆలోచించింది. వెనక సీటు మీది సంచిలోంచి రేకులు లాగే పల్చటి గుడ్డ తీసి, నీళ్ళలో ముంచి పిండింది. "పొర ఎక్కడ తెగిందో నా వేళ్ళకు తెలుసు మేస్త్రీ. ఆ ఫ్యానుకు దూరంగా, ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."

బాజీ చూపించిన గొట్టాలకు ఒక్కొక్కదానికీ తడిగుడ్డ చుట్టి, మెల్లగా జరుపుతూ పోయింది. మొదటి గొట్టం, ఏమీ లేదు. రెండోది, మూడోది, ఏమీ లేదు. నాలుగో గొట్టం వంపు తిరిగే చోట, అడుగున, గుడ్డ చటుక్కున లోపలికి పీల్చుకుపోయి అంటుకుంది.

బుస ఆగింది. వణుకు ఆగింది. ఊగే ముల్లు ఒక్కచోట నిలిచింది. ఏళ్ళ తరవాత ఇంజను నిద్రపోయే పిల్లలా ఊపిరి తీసింది.

"ఓలమ్మో!" అంది వీరవేణి.

లోవకుమారి గుడ్డ తీసింది. కారు గడగడలాడింది. మళ్ళీ పెట్టింది. నెమ్మదించింది. అలా ముచ్చటగా మూడుసార్లు చేసింది. మూడోసారికి ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి. చెయ్యి మాత్రం గొట్టం మీద గట్టిగా ఉంది.

అరచెయ్యంత గొట్టం. బాజీ దాన్ని కోసి తీసి, కొత్తది తొడిగాడు. అన్ని పెద్ద విడిభాగాలు మార్చినవాడు, ఆ ముక్కను చేతిలో పట్టుకుని తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. తరవాత స్కానరు తీసుకుని, "దీపం చెరిపేస్తానమ్మా," అన్నాడు.

"వద్దు."

"పని అయిపోయింది కదా!"

"నువ్వు రెండుసార్లు చెరిపేవు, రెండుసార్లూ మళ్ళీ వెలిగింది. ఈసారి దాని మానాన అదే ఆరాలి. అప్పుడు నమ్ముతాను."

నన్ను కప్పినవాళ్ళను చూశాను, చెరిపినవాళ్ళను చూశాను. నా మాట పూర్తయ్యేదాకా ఆగుతానన్న మనిషిని చూడడం అదే మొదలు.

పెళ్ళి రోజు పొద్దున్నే మూడువేల రేకులతో బయల్దేరారు. నేను వెలుగుతూనే ఉన్నాను. కబురు వెనక్కి తీసుకోవడానికి పెట్టెకు కొన్ని ప్రయాణాల నమ్మకం కావాలి మరి. ఆనకట్ట మధ్యలో ఒక ఇసుక లారీ చెడిపోయింది. ముందూ వెనకా బారులు. గంటకు పైగా కదలిక లేదు. ఇంజను ఆపేద్దామా అని వీరవేణి అడిగితే లోవకుమారి తల అడ్డంగా ఊపింది. చూపు నా మీదే ఉంది. చెవి వెనక సీటు మీదుంది. డబ్బా మూతలు చప్పుడు చెయ్యలేదు. పక్కన గోదావరి ఎంత నింపాదిగా ఉందో, కారూ అంత నింపాదిగా నిలబడింది.

దుకాణంలో భీమశంకరంగారు ఒక్కో డబ్బాలో అడుగుదాకా చెయ్యిపెట్టి చూశారు. ఆఖరి డబ్బా అడుగున ఉన్న రేకు తీసి వెలుతురుకు ఎత్తి పట్టారు. "ఆయ్, ఇదీ మీ అమ్మ రేకు," అన్నారు.

"మా అమ్మది కాదండి. నాది," అంది లోవకుమారి.

ఆయన మళ్ళీ చూసి, "నీదేనమ్మా," అన్నారు.

ఆ తరవాత రెండో రోజు, బొబ్బర్లంక దగ్గర, ఎవరూ చూడనప్పుడు నేను ఆరిపోయాను. లోవకుమారి గమనించి కారు పక్కకు ఆపింది. ఇద్దరూ కలిసి నన్ను, అంటే నేను లేని చోటును, కాసేపు చూశారు. నా బతుకులో నన్నంత గౌరవించినది ఆ కాసేపే.

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. కారుకు రంగు వెలిసింది, తలుపు ఒకటి బయటినుంచి తెరుచుకోదు. నేనిప్పుడు రోజుకు ఒక్కసారి, తాళం తిప్పగానే రెండు క్షణాలు వెలిగి ఆరిపోతాను. బతికే ఉన్నానని చెప్పడం అన్నమాట. ఇంజను వేసేముందు లోవకుమారి ఆ రెండు క్షణాలూ నాకోసం ఆగుతుంది.

ఈ ఉదయం మాత్రం ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. స్టీరింగు ముందు, కొంగు బిగించి, యాభై ఎనిమిదేళ్ళ వీరవేణి.

"ముందు తాళం సగం తిప్పు వదినా. దీపం వెలిగిందా?"

"వెలిగింది. బాబోయ్, ఏదో పాడైనట్టుందే!"

"అది వెలిగితే భయం లేదు. వెలగని రోజు భయపడు. ఇప్పుడు మిగతా సగం తిప్పు. క్లచ్చి మెల్లగా వదులు. మెల్లగా. మెల్లగా అంటుంటే..."

కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. పెరట్లో కోళ్ళు ఎగిరిపోయాయి. ఇద్దరూ తిన్నగా నా వంక అనుమానంగా చూశారు.

దేవుడి మీద ప్రమాణం, ఈసారి ఇంజను తప్పేమీ లేదు.