వేలికి తెలియని బిగువు

కొందరికి పేరు తండ్రి పెడతాడు, కొందరికి వీధి పెడుతుంది. ఈ మేస్త్రీకి మాత్రం అతని వేలే పేరు తెచ్చింది. ఇంజను మిస్సింగ్ కొడుతోందని ఎవరు కారు తెచ్చినా, ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి "సెల్ఫు కొట్టు" అనేవాడు. లోపల పిస్టన్ పైకి లేచి గాలిని నొక్కితే, ఆ ఒత్తిడి వేలిని ఎగరగొడుతుంది. ఎగిరిన తీరును బట్టి ఏ సిలిండర్ నిక్షేపంలా ఉందో, ఏది నీరసించిందో చెప్పేసేవాడు. అలా బొటనవేలు మేస్త్రీ అయ్యాడు. కంప్రెషన్ కొలిచే గేజు షెడ్డులో లేకపోలేదు. కంటితో చూస్తే తప్ప నమ్మని మనుషుల కోసం ఒకటి కొని గోడకు తగిలించాడు. అది అక్కడే దుమ్ము తింటూ ఉంది.

ఆ వేలికిప్పుడు ఏమీ తెలియడం లేదు. మొదట తిమ్మిరి అనుకున్నాడు. తర్వాత చలి అనుకున్నాడు. చలి వెళ్ళిపోయింది గానీ వేళ్ళకు మేజోళ్ళు తొడిగినట్టున్న మొద్దుతనం మాత్రం వెళ్ళలేదు. ఎవరికీ చెప్పకుండా, తన్నెవరూ ఎరగని పేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు సూదితో అక్కడా ఇక్కడా గుచ్చి చూసి, "నరాలు దెబ్బతిన్నాయి. పోయింది తిరిగి రాదు. ఉన్నది పోకుండా చూసుకో" అన్నాడు. మందులిచ్చాడు. మేస్త్రీ ఆ మందుల్ని షెడ్డులో నట్ల డబ్బా వెనక దాచి, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. మగవాళ్ళకు దాచడం వచ్చినంత బాగా చెప్పడం రాదు.

తనకు తాను మాత్రం ఒక మాట చెప్పుకున్నాడు. వేలు మరిస్తే మాత్రం చెయ్యి మరుస్తుందా? ఇన్నేళ్ళు చేసిన పని నిద్రలో చేసినా తప్పు రాదు. ఆ ఒక్క మాట పట్టుకునే రోజూ షెడ్డు తలుపు తీస్తున్నాడు. అది కూడా జారిపోతే పట్టుకోవడానికి ఇంకేమీ లేదని అతనికి తెలుసు.

ఆ పొద్దున టీ గ్లాసు అందిస్తూ భార్య అతని చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. చూపుడువేలి మీద బొబ్బ.

"ఇదెప్పుడు కాలింది?" అంది.

"ఏది?" అని చూసుకున్నాడు. అతనికి నిజంగానే తెలియదు. "సైలెన్సర్ తగిలుంటుంది. పనిలో పడి చూసుకోలేదు."

"ఒళ్ళు కాలినా తెలియనంత పనా మీది?" అని అతని మొహంలోకి చూసింది. అతను టీ తాగకుండానే లేచాడు.

షెడ్డు దగ్గర బావ కారు అప్పటికే దగ్గుతూ నిలబడి ఉంది. బావ అంటే అక్క మొగుడు. కొండ మీది ఆస్పత్రికి రోగుల్ని ఎక్కించుకుపోయే అద్దె కారు అతనిది. ఆ కారు ఎంత పాతదో అతని జోకులు అంతకన్నా పాతవి.

"ఏం బామ్మర్దీ, నీ మేనకోడలికి జబ్బు చేసింది" అన్నాడు బావ, బానెట్ మీద తడుతూ. కారును కూతురని చెప్పుకోవడం అతనికి అలవాటు. "కొండెక్కమంటే మొరాయిస్తోంది. నిన్న సగం దారిలో ఆగితే, ఆయాసంతో ఉన్న ముసలాయనే దిగి తోస్తానన్నాడు. రోగి చేత కారు తోయించిన డ్రైవరన్న పేరొకటి మిగిలింది నాకు."

మేస్త్రీ నవ్వలేదు. ఇంజను చప్పుడు వింటున్నాడు. నాలుగు అడుగుల్లో ఒక అడుగు కుంటుతోంది. చెవులు మాత్రం అతనికి ఎప్పటిలాగే ఉన్నాయి.

ప్లగ్గులు విప్పాడు. కాయిల్ వైరు పీకి పక్కన పెట్టాడు. మొదటి రంధ్రం మీద బొటనవేలు అదిమి, సెల్ఫు కొట్టమన్నాడు. టప్‌మని చప్పుడైంది, వేలు లేచింది. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే. అన్నిటికీ లేచింది. ఏది గట్టిగా తన్నిందో, ఏది మెల్లగా తోసిందో వేలు చెప్పలేదు. చెట్టు కొమ్మను ఆ రంధ్రం మీద పెట్టినా ఇంతే తెలిసేది. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఎన్నోదిరా?" అన్నాడు బావ లోపల్నుంచి.

మేస్త్రీ వెళ్ళి గోడ మీది గేజు దించి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు.

బావ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఇదేంటి, వేలికి సెలవిచ్చావా?"

"నీ కారుకు వేలెందుకు, దండగ" అన్నాడు మేస్త్రీ. జోకు బాగానే పేలింది. బావ పడీ పడీ నవ్వాడు.

గేజు గొట్టం ఒక్కో రంధ్రానికి బిగించి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి చూశాడు. మూడు సిలిండర్లలో ముల్లు గబగబా పైకి లేచి నిలబడింది. మూడో నంబరు సిలిండర్‌లో మాత్రం సగం దాకా వచ్చి చతికిలబడింది. ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూశాడు. పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూస్తుంది, ముల్లు లేస్తుంది. లేవలేదు. రింగులు కావు. టైర్ల కంప్రెసర్ గొట్టం పెట్టి, వాల్వులు మూసుకుని ఉండే చోటికి పిస్టన్ తెచ్చి, సిలిండర్‌లోకి గాలి వదిలాడు. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టాడు. సన్నగా బుస వినిపించింది. పొగ బయటికి పోయే వాల్వు సందులోంచి గాలి కారుతోంది.

"ఎగ్జాస్ట్ వాల్వ్ బావా. మూసుకోవట్లేదు. హెడ్ దించాలి."

"దించు. నువ్వు దించమంటే నా తలైనా దించుతాను" అన్నాడు బావ.

పై మూత తీశాక మేస్త్రీ ముందు ట్యాపెట్లు చూశాడు. వాల్వుకూ, దాన్ని నొక్కే ఇనుప చేతికీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఇంజను వేడెక్కితే వాల్వు సాగుతుంది, ఆ సాగడానికే ఆ సందు. ఆ సందులో సన్నటి ఉక్కు రేకు దూర్చి లాగితే, లాగీ లాగనట్టు వేళ్ళకు చిన్న పట్టు తెలియాలి. రేకు దూర్చి లాగాడు. పట్టు తెలిసింది. సరిగ్గానే ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

వాల్వులుండే హెడ్ దించి బల్ల మీద బోర్లించాక ఆ అమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. మూడో ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది. ఎలుక కొరికినట్టు ఒక పక్క ముక్క ఎగిరిపోయింది. వాల్వు ఊరికే కాలదు. మూసుకున్న ప్రతిసారీ హెడ్‌కు ఆనుకుని తన వేడి దానికి ఇచ్చేస్తుంది కాబట్టే బతుకుతుంది. పూర్తిగా మూసుకోకపోతే మంట ఆ సందులోంచే పోతూ అంచును తినేస్తుంది. పూర్తిగా మూసుకోకపోవడానికి, పక్క వాల్వులు కూడా ఇలా రంగు మారడానికి, ఒకటే కారణం. ట్యాపెట్లు బిగువు.

"ట్యాపెట్లు ఎవరి చేత పెట్టించావు?" అన్నాడు మేస్త్రీ. గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"ఎవరి చేత పెట్టిస్తాను?"

"కొండ మీద ఎవడో మెకానిక్ ఉన్నాడుగా. వాడి చెయ్యి పడింది దీని మీద. నిజం చెప్పు."

"నీకేమన్నా పిచ్చా? చలి మొదట్లో నువ్వే పెట్టావు. ఇదే బల్ల దగ్గర, ఇదే స్టూలు మీద కూచుని నేను నీ బుర్ర తింటున్నాను. నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనిస్తానా నా కారు మీద? మీ అక్కనడుగు. ఆస్పత్రి డ్రైవర్లంతా నన్ను చూసి నవ్వుతారు, బామ్మర్ది లేకపోతే వీడు పంక్చరైనా వేయించడని."

బావ ఆ మాటలు ప్రేమతోనే అన్నాడు. ప్రేమతో అన్నవి కాబట్టే మేస్త్రీకి దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది. ఒక్క దొంగచెయ్యి ఎక్కడో పడి ఉంటే బాగుండునని అతను మనసారా కోరుకున్నాడు.

ఆ పూటా, మర్నాడూ పని చేశాడు. కొత్త వాల్వు తెప్పించాడు. గరుకు పేస్టు పూసి, రబ్బరు మూతి కర్రను వాల్వుకు అతికించి అరచేతుల మధ్య తిప్పుతూ వాల్వును దాని గద్దె మీద రుద్దాడు. బూడిదరంగు గీత గుండ్రంగా ఎక్కడా తెగకుండా వచ్చేదాకా రుద్దాడు. కంటితో చూడగలిగే పని కాబట్టి అది బాగా వచ్చింది. మిగతా వాల్వులకీ అలాగే చేశాడు. కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్ ఎక్కించాడు. ఇక ట్యాపెట్లు మిగిలాయి.

రేకు దూర్చాడు, స్క్రూ తిప్పాడు, లాగి చూశాడు. ఇంకొంచెం తిప్పాడు, లాగాడు. పట్టు తెలిసింది. నట్టు బిగించాడు. అప్పుడు చేతులు ఆగిపోయాయి. "బావా, ఇలా రా. ఈ రేకు లాగు" అన్నాడు.

"పరీక్షా? ఫెయిలైతే మీ అక్కకు చెప్పకు" అంటూ బావ వచ్చి రెండు వేళ్ళతో రేకు పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. రేకు వంగింది గానీ కదల్లేదు. "ఇదేంటి, గోడకు కొట్టిన మేకులా ఉంది."

"గట్టిగా లాగకు. నేను లాగితే వచ్చిందిగా."

"నువ్వు లాగుతుంటే చూశాను. మోచెయ్యి దాకా ఊపి, పన్ను పీకినట్టు పీకావు. ఇలాగేనా లాగేది?"

మేస్త్రీ దానికంటే పలచటి రేకు తీసి ఇచ్చాడు. అది బావ వేళ్ళ మధ్య మెత్తగా జారుకుంటూ వచ్చింది. లాగీ లాగనట్టు.

"ఇది బాగుంది. కొంచెం పట్టుకుని వదిలినట్టుంది" అన్నాడు బావ. సందు ఉండాల్సినదానికంటే తక్కువైందన్నమాట.

ఆ చిన్న పట్టు ఎలా ఉంటుందో మేస్త్రీకి గుర్తుంది. గుర్తుండటం వేరు, తెలియడం వేరు. వేళ్ళకు వినిపించాలని ప్రతిసారీ స్క్రూను ఇంకొంచెం, ఇంకొంచెం బిగించాడు. చెవిటివాడు గొంతు పెంచినట్టు. చెయ్యి మరవదన్న మాట అబద్ధమని ఆ రేకు చెప్పేసింది.

"నీ చెయ్యి ఇటివ్వు" అన్నాడు బావ. అతను నవ్వడం లేదు. మేస్త్రీ బొటనవేలు పట్టుకుని, గోటితో గట్టిగా గిల్లి, మొహంలోకి చూశాడు. మేస్త్రీ మొహంలో ఏమీ లేదు. ఇంకా గట్టిగా గిల్లాడు. గోటి గుర్తు తెల్లగా పడి, ఎర్రబడింది.

"ఎప్పట్నుంచి?"

"చలికి ముందు నుంచే."

బావ ఆ వేలు వదిలి, అసలు రేకును తన చేతిలోకి తీసుకున్నాడు.

చివరికి ట్యాపెట్లు ఇద్దరూ కలిసి పెట్టారు. స్క్రూ మేస్త్రీ తిప్పాడు, రేకు బావ లాగాడు. "పుస్తకంలో ఇరుక్కున్న కాగితం చిరక్కుండా లాగినట్టుండాలి" అని మేస్త్రీ చెప్పాడు. "వదులు" అంటే తిప్పి, "బిగువు" అంటే సడలించి, ఒక్కోదానికి చాలాసేపు పట్టింది. ఒకప్పుడు టీ చల్లారేలోపు అయిపోయే పని. సాయంత్రానికి కారు స్టార్టు చేస్తే నాలుగు అడుగులూ సమంగా పడ్డాయి. గేజు ముల్లు నాలుగింటా నిటారుగా నిలబడింది.

"చూశావా, బాగైపోయింది" అన్నాడు బావ. "మనిద్దరం కలిసి..." అని ఆ మాట అక్కడే వదిలేశాడు. కొండెక్కే డ్రైవరు రోజూ వచ్చి రేకులు లాగలేడని ఇద్దరికీ తెలుసు.

మేస్త్రీ ఆ మాట వినడం లేదు. చలి మొదలైనప్పటి నుంచి ఈ బల్ల ముందు నిలబడి వెళ్ళిన కార్లను తలుచుకుంటున్నాడు. రొట్టెల బండి. పంతులమ్మ కారు. అంబులెన్సు. పిల్లల్ని బడికి తీసుకుపోయే వ్యాను. అన్నిటికీ ఈ చేత్తోనే పెట్టాడు. అందరూ బాగుందని దణ్ణం పెట్టి వెళ్ళారు. బిగువు ట్యాపెట్ మొదట్లో చప్పుడు చెయ్యదు, ఇంకా నున్నగా నడిచినట్టే ఉంటుంది. లోపల అంచులు కాలుతూ ఉంటాయి.

బావ వెళ్ళడానికి లేస్తుండగా గేటు దగ్గర ఒక ఇంజను ఆగీ ఆగనట్టు కొట్టుకుంది. బడి వ్యాను. మేస్త్రీ తలెత్తలేదు. ఒక అడుగు కుంటుతోంది.

"మేస్త్రీ, ఉన్నావా" అంటూ వ్యాను డ్రైవరు లోపలికొచ్చాడు. "పికప్ పడిపోయింది. వారం నుంచి ఎవరెవరో చూస్తామన్నారు, ముట్టుకోనివ్వలేదు. నువ్వే చూడాలని ఆగాను."

"ఎగ్జాస్ట్ వాల్వ్ కాలింది. హెడ్ దించాలి" అన్నాడు మేస్త్రీ, నేల చూస్తూ.

వ్యాను డ్రైవరు నోరు తెరిచాడు. బావ వైపు తిరిగి, "చూశారా? బానెట్ కూడా ఎత్తలేదు. వేలు కూడా పెట్టలేదు. అదీ పనితనమంటే" అన్నాడు.

బావ గోడ వైపు తిరిగి, గేజును దాని మేకుకు తగిలించడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు.

"నా వల్ల కాదు. ఇంకెవరికైనా చూపించు" అన్నాడు మేస్త్రీ.

"భలేవాడివే. నువ్వు తప్ప ఎవరున్నారు నాకు? తొందరేం లేదు, నీకు వీలైనప్పుడే చెయ్యి" అని డ్రైవరు తాళాలు అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ పిడికిలి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తాళాలు అందులో ఉన్నాయో, జారిపోయాయో, విప్పి చూసుకుంటే గానీ తెలియలేదు.